గంగపాయల కూర మీద ఎవరి గుడ్లు?

ఆగస్టు 23, శనివారం

పప్పులోకి గంగపాయల కూర బాగుచేస్తుంటే ఒక ఆకు వెనక తెల్లని చుక్క కనిపించింది. గోటితో గీకబోయాను, రాలేదు. గసగసం అంత ఉంది. పేనుబంక అనుకుందామంటే కదలదు, పిండినల్లి అనుకుందామంటే దూది లేదు. లద్దె పురుగు గుడ్లేమో అని కూడా అనుకున్నాను. కానీ అవి కుప్పగా ఉంటాయి, పైన గోధుమరంగు నూగు కప్పి ఉంటుంది. గుంటూరు జిల్లాలో మిరపచేను ఉన్న ఇంట పుట్టినవాళ్లకు ఆ మాత్రం తెలుస్తుంది. ఇది ఒంటరి గుడ్డు, నున్నగా మెరుస్తోంది.

కూర పళ్ళెం పక్కన పెట్టి మామయ్యగారి పెట్టె తీశాను. ఆయన గడియారాలు బాగుచేసే రోజుల్లో కంటికి తగిలించుకున్న అద్దం అందులోనే ఉంది, పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దానిలోంచి చూశాక ఆ పూట పప్పు సంగతి మరిచిపోయాను. రాచ ఉసిరికాయను గాజుతో చేసి, గసగసమంత చేసి ఆకుకు అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. లేత ఆకుపచ్చ ఛాయ, కింది నుంచి పైకి నిలువు గీతలు. ఆ గీతలు నడినెత్తిదాకా వెళ్లకుండా కొంచెం జాగా వదిలి ఆగిపోయాయి. ఎన్నో లెక్కపెట్టబోతే ప్రతిసారీ ఒక లెక్క వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించి మానేశాను.

పళ్ళెంలో ఉన్న కూరంతా వెతికితే మొత్తం తొమ్మిది దొరికాయి. అన్నీ ఆకు అడుగునే, ఎక్కువగా కొమ్మ చివరి లేత ఆకుల మీద. ఎన్నాళ్ల నుంచి ఇలాంటివి ఉడకబెట్టి తింటున్నామో తలుచుకోకపోవడమే మంచిది.

ఈ గంగపాయల నేను వేసింది కాదు. బ్రాడీపేటలో మా డాబా మీద ఇరవై దాకా కుండీలు, తొట్లు ఉన్నాయి. గోంగూర తొట్టిలో ఇది తనంతట తానే మొలిచి, వానలు పడ్డాక అంచులు దాటి పాకింది. మా అత్తయ్య దీన్ని పావిలికూర అంటారు.

సీతాకోకచిలుకలు ఏ మొక్క మీద పడితే ఆ మొక్క మీద గుడ్లు పెట్టవు. పిల్ల ఏ ఆకు తింటుందో ఆ ఆకునే వెతుక్కుంటాయి. నాకు తెలిసిన జంటలు కొన్ని ఉన్నాయి. నిమ్మకూ కరివేపాకుకూ నిమ్మ సీతాకోకచిలుక, గన్నేరుకు కామన్ క్రో, రణపాలకు రెడ్ పియరో, ఆముదానికి కామన్ క్యాస్టర్. ఆముదం ఆకు మీది గుడ్డుకైతే నూగు కూడా ఉంటుంది. జిల్లేడుకు ప్లెయిన్ టైగర్. ఈ పట్టికలో గంగపాయల లేదు. ఎనిమిదో తరగతి చదివే మావాడు ఖాళీ నోటుపుస్తకం ఒకటి తెచ్చి అట్ట మీద ‘ప్రాజెక్టు’ అని రాసేశాడు. గుడ్లున్న ఆకులను కొమ్మలతో సహా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు బదులు పాత దోమతెర ముక్క కట్టాను.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున పది గంటల నుంచి డాబా మీద కాపలా. గంగపాయల పసుపు పూలు విచ్చుకునే వేళ. పదకొండు కాకముందే ఒక నారింజ రంగు సీతాకోకచిలుక వచ్చింది. ముందు రెక్కల చివరలు నలుపు, ఆ నలుపులో తెల్లని పట్టీ. తొందర లేకుండా నేలకు దగ్గరగా తిరుగుతూ గోంగూర మీద ఒక్క క్షణం వాలింది, వద్దనుకుంది. వంగ మీద వాలింది, వద్దనుకుంది. గంగపాయల మీద వాలి కాళ్లతో రెండు మూడుసార్లు తట్టింది. సీతాకోకచిలుకలకు కాళ్లతో రుచి తెలుస్తుంది. మేం కూర ఉప్పు చూసినట్టే చూసి, పొట్ట చివర వంచి ఆకు అడుక్కి ఆనించి తీసింది. వెళ్లి చూస్తే కొత్త గుడ్డు, ఇంకా తడిగా మెరుస్తోంది.

అది ప్లెయిన్ టైగర్. ఊళ్లో ఏ ఖాళీ స్థలంలో జిల్లేడు ఉంటే అక్కడ కనిపించేదే, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఫోనుతో నాలుగు ఫొటోలు తీశాను, మూడు మసకగా వచ్చాయి.

పుస్తకంలో ఇలా రాసుకున్నాను: ‘ప్లెయిన్ టైగర్ పొరపాటున గంగపాయల మీద గుడ్లు పెట్టింది. దగ్గర్లో జిల్లేడు దొరకలేదు కాబోలు.’ రాస్తున్నప్పుడే ఆ వాక్యం నచ్చలేదు. మా ఎదురు స్థలంలో జిల్లేడు నడుమెత్తు పెరిగి ఉంది. పైగా ఒకటో రెండో అయితే పొరపాటు. నిన్నటి తొమ్మిది, ఇవాళ్టిది కలిపి పది. పక్కనున్న గోంగూరనూ వంగనూ రుచి చూసి కాదన్నది పదిసార్లు పొరపడుతుందా? అయినా కళ్లారా చూశాను కదా అని కొట్టేయలేదు.

ఆగస్టు 25, సోమవారం

బ్యాంకు నుంచి వచ్చేసరికి తొమ్మిదిలో రెండు నల్లబడ్డాయి. పొదిగే ముందు గుడ్డు రంగు మారుతుందని తెలుసు గనుక సంతోషించాను. అద్దంలో చూస్తే సంతోషం తగ్గింది. మిగతా గుడ్లలో కొన్నింటికి నెత్తి దగ్గర మాత్రమే చిన్న మసక చుక్క ఉంది, అది లోపలి పిల్ల తల. ఈ రెండు మాత్రం అడుగు నుంచి పైదాకా బొగ్గులా ఉన్నాయి.

ఫిరంగిపురం దగ్గర మిర్చి వేసే మా చిన్నాన్నకు ఫొటో పంపాను. ఆయన వెంటనే ఫోను చేశారు.

“అమ్మా, ఇది ట్రైకో కార్డు గుడ్డు లాగానే ఉంది. నువ్వు చూశావు కదా, చేలో ఆకులకు కుట్టే కార్డులు.”

చూశాను. ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి కందిరీగ. పేరుకు కందిరీగే గాని ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేరే పురుగుల గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపలి పదార్థం తినేసి, పురుగుకు బదులు అవే బయటికి వస్తాయి. బియ్యపు పురుగు, అంటే కోర్సైరా గుడ్లను అట్ట మీద అంటించి, వాటిలో ఈ కందిరీగతో గుడ్లు పెట్టించి, ఆ అట్టలను రైతులకు ఇస్తారు. లోపల కందిరీగ పిల్ల పెరుగుతుంటే గుడ్డు నల్లబడుతుంది. నల్లబడితేనే కార్డు మంచిదని రైతుకు గుర్తు. చిన్నాన్నకు శుభవార్త అయినది నాకు దుర్వార్త.

ఆ రెండు ఆకులను వేరే సీసాలో వేసి దూది బిరడా పెట్టాను. దోమతెర కన్నాల్లోంచి అవి సునాయాసంగా వెళ్లిపోతాయి.

ఆగస్టు 26, మంగళవారం

సాయంత్రానికి ఆరు పిల్లలు. ఒక గుడ్డు ఎండి సొట్టపోయింది. ఒకటి బయటికి రావడం పూర్తిగా చూశాను. నెత్తిన గీతలు లేకుండా వదిలిన ఆ జాగా చుట్టూ కొరికి మూతలా తోసింది. తల ముందు వచ్చింది. ఒళ్లంతా వచ్చాక వెనక్కి తిరిగి పెంకు అంచు కొంత కొరుక్కు తింది. రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. నల్లని తల, ఒంటి మీద వెంట్రుకలు.

ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి

ఈ రోజు పత్రి ముడి విప్పేసింది.

పొద్దున బ్రాడీపేట రోడ్డు పక్కన కొన్న పత్రి కట్ట విప్పి, ఇరవై ఒక్క పత్రాలు పేరుపేరునా వేరు చేస్తున్నాను. మాచీపత్రం, బృహతీపత్రం, బిల్వపత్రం... అర్కపత్రం దగ్గర చెయ్యి ఆగింది. అర్కమంటే జిల్లేడు. ఆకు వెనక తెల్లని బూడిద పొర మీద ఒక గుడ్డు ఉంది.

పూజ అవకుండా కదలకూడదు. కథ చదువుతున్నంతసేపూ శమంతకమణి మీద ఎంత ధ్యాస పెట్టాలో అంతా ఆ గుడ్డు మీద పెట్టాను. ముందే అత్తయ్యకు చూపిస్తే, “దాన్ని పక్కన పెట్టు అమ్మాయ్, ఇంకో ఆకు వెయ్యి. ప్రాణం ఉన్నదాన్ని పూజలో వెయ్యకూడదు,” అన్నారు. ఆవిడకు తెలియకపోయినా నాకు కావలసింది అదే.

హారతి అవగానే అద్దం తగిలించుకున్నాను. ఒక చేతిలో జిల్లేడు ఆకు. ఇంకో చేతిలో డాబా మీంచి తెంపిన గంగపాయల కొమ్మ, ఆదివారం నా కళ్ల ముందు పెట్టిన గుడ్డుతో. జిల్లేడు గుడ్డు పొడుగు. బియ్యపు గింజ మొన విరిచి నిలబెట్టినట్టు కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. దాని గీతలు దాదాపు శిఖరందాకా వెళ్లాయి. వెండి తెలుపు. గంగపాయల మీదిది పొట్టి, గుండ్రం, గాజు ఆకుపచ్చ, నెత్తిన చదునైన జాగా. ఒకే తల్లి పెట్టిన గుడ్లు ఇంత తేడాగా ఉండవు. కోడిగుడ్డునూ బాతుగుడ్డునూ పక్కపక్కన పెడితే మా పాలావిడ కూడా చెబుతుంది.

అనుమానం పూర్తిగా తీర్చుకుందామని ఇంకో పని చేశాను. మూత మధ్యలో రెండు పిల్లలను వదిలి, ఒక పక్క లేత జిల్లేడు ముక్క, ఇంకో పక్క గంగపాయల ఆకు పెట్టాను. ఒకటి తిన్నగా గంగపాయల వైపు పోయింది. రెండోది జిల్లేడు పాలు అంటిన అంచుదాకా వెళ్లి, తల అటూ ఇటూ ఆడించి వెనక్కి మళ్లింది. గంట తర్వాత రెండూ గంగపాయల ఆకు మీదే ఉన్నాయి, రెండు చోట్ల చిన్న గీరుళ్లు.

గుడ్డు ప్లెయిన్ టైగర్‌ది కాదు. పిల్ల ప్లెయిన్ టైగర్‌ది కాదు. తల్లి మాత్రం ప్లెయిన్ టైగర్. ఎక్కడో ఒకచోట నా కళ్లు మోసపోయాయి.

ఆగస్టు 28, గురువారం

మోసపోయిన చోటు దొరికింది. మసకగా రాని ఆ ఒక్క ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేశాను. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో నల్లని చుక్కలు మూడు ఉంటాయి, మగదానికి ఇంకోటి అదనం. మా డాబా మీదికి వచ్చినదానికి రెక్క మధ్య శుభ్రంగా ఉంది. వెనక రెక్క ముందు అంచున ఒకే ఒక నల్లమచ్చ. అంతే తేడా. మిగతాదంతా, నారింజ రంగు నుంచి నల్ల చివర్లోని తెల్ల పట్టీ దాకా, అచ్చు గుద్దినట్టు ఉంది.

ఇది డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే సీతాకోకచిలుక, ఆడది. శాస్త్రీయ నామం హైపోలిమ్నాస్ మిసిప్పస్. ప్లెయిన్ టైగర్ పేరు డానాయస్ క్రిసిప్పస్. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ దానికి 1758లో, దీనికి 1764లో పేర్లు పెట్టాడు. అంత్యప్రాస కుదిరిందా, కుదిర్చాడా అన్నది అలా ఉంచితే, రెండింటినీ కలిపి గుర్తుంచుకోవడానికి నాకు పనికొచ్చింది. దీని పిల్లలు తినే మొక్కల్లో గంగపాయలది ముఖ్యమైన చోటు. అంటే ఊహించని మొక్క కాదు. ఊహించనిది నేనొక్కదాన్నే.

వేషం ఎందుకంటే, ప్లెయిన్ టైగర్ పిల్లగా ఉన్నప్పుడు తిన్న జిల్లేడు పాలలోని చేదు విషాలను ఒంట్లో దాచుకుంటుంది. తిన్న పిట్ట కక్కుకుంటుంది, మళ్లీ ఆ నారింజ రంగు జోలికి వెళ్లదు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై గంగపాయల తిని పెరిగింది. అందులో విషం ఉంటే మేమందరం ఎప్పుడో పోయి ఉండేవాళ్లం. అందుకని విషమున్నదాని రంగు వేసుకుని, దాని నింపాది నడకే నడుస్తుంది. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషాయన అమెజాన్ అడవుల్లో పదకొండేళ్లు తిరిగి వచ్చి, 1862లో ఈ రకం వేషాల గురించి మొదట వివరంగా రాశాడు. అందుకే దీన్ని బేట్సియన్ అనుకరణ అంటారు. మన పగటి వేషగాళ్లు పోలీసు వేషం వేసుకుని వీధిలోకి వస్తే నిజం పోలీసనుకుని దారి ఇచ్చినవాళ్ల కథలు అత్తయ్య చెబుతారు. పిట్టలదీ అదే పరిస్థితి, ఆదివారం నాదీ అదే.

ఇందులో వేషం వేసేది ఆడదే. మగది వేయదు. గుడ్లు మోస్తూ మొక్కల మధ్య నిదానంగా తిరగాల్సింది ఆడది కాబట్టి ప్రమాదం దానికే ఎక్కువ అని ఒక వివరణ. వివరణ బాగానే ఉంది గాని, మగది ఎలా ఉంటుందో చూశాకే నమ్ముతానని మావాడు అన్నాడు.

ఆగస్టు 31, ఆదివారం

సీసాలోని నల్ల గుడ్లకు సూదిమొనంత కన్నాలు. గాజు గోడ మీద ధూళి నడుస్తున్నట్టుంది. అద్దంలో చూస్తే రెక్కలున్న ధూళి, ఏడు దాకా లెక్కపెట్టాను. డాబా మీదికి తీసుకెళ్లి వదిలేశాను. వదలాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించిన మాట నిజం. పక్క తొట్టిలో టమోటా ఉంది, దానికి కాయతొలిచే పురుగు ఉంది. అక్కడ పెట్టి దూది తీశాను.

పిల్లలకు ముళ్లు వచ్చాయి. ఒళ్లంతా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లు, తల మీద రెండు కొమ్ములు. ప్లెయిన్ టైగర్ పిల్లకైతే ముళ్లుండవు, నలుపు తెలుపు పసుపు చారల నున్నని ఒళ్లు. ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఒక్క చిక్కు ఉంది. గ్రేట్ ఎగ్‌ఫ్లై అనే దీని దగ్గరి చుట్టం పిల్ల కూడా ఇలాగే ముళ్లూ కొమ్ములూ వేసుకుని ఉంటుంది, గంగపాయల కూడా తింటుంది. పిల్లను చూసి ఆ ఇద్దరిలో ఎవరో నేను చెప్పలేను. గ్రేట్ ఎగ్‌ఫ్లై తల్లి నల్లగా ఉంటుంది, గుడ్డు పెడుతూ నేను చూసింది నారింజ రంగుది. నన్ను మోసగించిన వేషమే ఇప్పుడు సాక్ష్యం చెప్పింది.

సెప్టెంబరు 4, గురువారం

తిండి అయిపోయింది. ఇవి ఇంత తింటాయని ఊహించలేదు. మొదట్లో ఆకుకు గీరుడు పడేది, ఇప్పుడు ఎర్రని కాడలు కూడా మిగలడం లేదు. తొట్టిలో మిగిలిన నాలుగు కొమ్మల మీద కొత్త గుడ్లున్నాయి గనుక అవి కోయలేను. నిన్న బజారులో ఒక కట్ట కొన్నాను. రెండుసార్లు కడిగి, ఆరబెట్టి పెట్టాను. ఈ పొద్దున రెండు పిల్లలు మెత్తబడి వేలాడుతున్నాయి, ముట్టుకుంటే పచ్చని నీరు. కూరకు మందు కొట్టారేమో. కడిగిన తడి పూర్తిగా ఆరలేదేమో. గంగపాయల ఆకులో నీరెక్కువ, డబ్బాలో ఉక్కపోత కూడా ఉంది. రుజువు లేకుండా అమ్మినామె మీద నింద వేయను. కానీ ఇక బజారు కూర పెట్టను.

మావాడు స్నేహితులతో కలిసి వీధుల్లో వెతికి, మందు తగలని ఖాళీ స్థలాల నుంచి సంచీడు తెచ్చాడు. డబ్బా అడుగున పొడి కాగితం వేసి పూటపూటా మారుస్తున్నాను.

“మనుషులకు పప్పులోకి లేదు గాని పురుగులకు సంచీలతో వస్తోంది,” అన్నారు అత్తయ్య. అన్న ఆవిడే సాయంత్రం సంచీలోంచి లేత కొమ్మలు ఏరి డబ్బా పక్కన పెట్టారు.

సెప్టెంబరు 9, మంగళవారం

నాలుగింటిలో ఒకటి కనిపించడం లేదు. దోమతెర రబ్బరు బ్యాండు వదులైంది. మిగతా మూడూ తిండి మానేసి మూత చుట్టూ తిరుగుతున్నాయి. రాత్రి పదికి ఒకటి దోమతెరకు తోకతో వేలాడి, తల కిందికి వంచి కొక్కెంలా అయింది.

సెప్టెంబరు 10, బుధవారం

పొద్దున లేచేసరికి రెండు ప్యూపాలు, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు ఉండే తొడుగులు. ఆ నల్లని ముళ్ల చర్మం చుట్టలు చుట్టుకుని కింద పడి ఉంది. ప్యూపా ఎండిన ఆకు ముక్కలా మట్టిరంగులో ఉంది, వీపు మీద పొట్టి మొనలు. ముట్టుకుంటే అటూ ఇటూ ఒళ్లు విదిలించింది. మూడోది మధ్యాహ్నానికి మారిందని అత్తయ్య బ్యాంకుకు ఫోను చేసి చెప్పారు. ఆవిడ నాకు పనివేళల్లో ఫోను చేయడం ఈ ఏడాదిలో ఇది రెండోసారి. మొదటిది గ్యాసు సిలిండరు గురించి.

సెప్టెంబరు 16, మంగళవారం

నిన్న రాత్రే ఒక ప్యూపా నల్లబడింది. ఈసారి కంగారు పడలేదు, లోపలి రెక్కల రంగు పైకి కనిపించడమే అది. ఏడు గంటలకు వీపు చీలి, కాళ్లు బయటపెట్టి, ఖాళీ తొడుగును పట్టుకుని వేలాడింది. రెక్కలు మొదట పిండిన గుడ్డముక్కల్లా ఉన్నాయి. పావుగంటలో సాగి చదునయ్యాయి. కింద కాగితం మీద ఎర్రమట్టి రంగు చుక్క పడింది.

మగది. నారింజ అన్న మాటే లేదు. మొత్తం నలుపు. ముందు రెక్కకు ఒక పెద్ద తెల్లమచ్చ, కొన దగ్గర ఒక చిన్నది. వెనక రెక్కకు నిండైన తెల్లని గుండ్రం. కిటికీ వైపు తిప్పితే ప్రతి తెలుపు చుట్టూ నెమలికంఠం రంగు వెలిగింది. ఇంకొంచెం తిప్పితే వంగపండు రంగు, ఇంకొంచెం తిప్పితే ఏమీ లేదు. రెండు రంగుల నేత చీర మడత వెలుతురులో తిప్పి చూపించినట్టు.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

“ఇది ఆ ఎర్రదాని కొడుకేనా? ఒక్క పోలికా రాలేదే.”

తొమ్మిదిన్నరకు డాబా మీద వదిలాం. ఎదుటి ఇంటి నీళ్లట్యాంకు మీద కూర్చుని, అటుగా వచ్చిన ప్రతిదాన్నీ, ఒక తూనీగతో సహా, తరిమింది.

సెప్టెంబరు 17, బుధవారం

రెండోది. రెక్కలు విచ్చుకోకముందే నారింజ అంచు కనిపించింది. మావాడు స్కూలు బస్సు పోతుందన్నా కదలకుండా కూర్చుని, వెనక రెక్క తెరుచుకోగానే చుక్కలు లెక్కపెట్టి పుస్తకంలో రాశాడు: ‘ఒకటి.’

మూడో ప్యూపా ఇంకా అలాగే ఉంది.

సెప్టెంబరు 21, ఆదివారం

మూడో ప్యూపా ఎండిపోయింది, వేలితో తాకినా కదలడం లేదు. తీసేశాను. తొమ్మిది గుడ్లకు రెండు సీతాకోకచిలుకలు, ఏడు కందిరీగలు, ఆచూకీ లేని పిల్ల ఒకటి. ఆగస్టు 24 నాటి వాక్యాన్ని కొట్టేసి పక్కన సరిచేశాను.

గోంగూర తొట్టిలో గంగపాయల మళ్లీ చిగురించింది. పొద్దున ఆకులు తిప్పి చూస్తే నాలుగు గుడ్లు. ఇవాళ పప్పులోకి తోటకూర తెచ్చాను.